దొండపండు రంగు గౌను

ఫొటోను గోడ మీంచి దింపగానే దాని వెనక సున్నం చదరంగా, తెల్లగా బయటపడింది. మిగతా గోడ ఎంత మాసిందో అప్పుడు తెలిసింది. అక్క ఆ తెల్లచోటు కనపడకుండా పక్కనున్న క్యాలెండరు తీసి తగిలించింది. మళ్ళీ తనే, "అమ్మ మా ఇంట్లో ఉంటే ఇక్కడ ఎవర్ని చూసి దాస్తున్నాన్రా," అని నవ్వి తీసేసింది.

అమ్మకి కళ్ళలో శుక్లాలు తీశారు. పొగా దుమ్మూ తగలకూడదు, వేళకి చుక్కల మందు పడాలి అన్నాడు డాక్టరు. అమ్మ ఉండేది చిన్నకొడుకు దగ్గర. ఆ ఇంటి వసారా నిండా రంగు డబ్బాలు, థిన్నరు వాసన. అందుకని అక్క ఆవిణ్ణి తన ఇంటికి తీసుకెళ్ళింది. నల్లద్దాలు తీసెయ్యవచ్చని డాక్టరు చెప్పాక మళ్ళీ ఇక్కడికే వస్తుంది. ఆ లోపు ఈ నలుపు తెలుపు ఫొటో రంగుల బొమ్మగా మారి అదే మేకుకి వేలాడాలన్నది అక్క పథకం.

"ఇన్నేళ్ళూ మసకలోంచి చూసింది. కళ్ళొచ్చాక ఈ ఇంట్లో మొదట చూసేది ఇదే కావాలి. ఫ్లెక్సీ వాడికిస్తే గంటలో చేసిచ్చేస్తాడు, తెలుసు. కానీ ఆ మొహాలు మన మొహాల్లా ఉండవు. నువ్వే వెయ్యాలి బుగ్గలూ."

"వేస్తాలే. అమ్మకి వెయ్యడానికి నాకు ఇంత చెప్పాలా," అన్నాడు తమ్ముడు.

బుగ్గలు అన్న పేరు విని బొద్దుగా ఉండే మనిషిని ఊహించుకుంటే పప్పులో కాలేసినట్టే. మనిషి చీపురుపుల్ల. దవడలు లోపలికి పోయి, గడ్డం గీసుకునేటప్పుడు నాలుకతో లోపల్నుంచి తోస్తే గాని బ్లేడుకి చర్మం అందదు. ఆ పేరు అతనికి ఈ ఫొటోలోంచే వచ్చింది. నాన్న కుర్చీలో, అమ్మ పక్క కుర్చీలో, వెనక అక్క, నాన్న మోకాలికి ఆనుకుని అన్న, అమ్మ ఒళ్ళో పసిబిడ్డ. ఆ బిడ్డకి కళ్ళూ ముక్కూ ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, మొహమంతా బుగ్గలే. పెద్దయ్యాక అవి ఎటు పోయాయో గాని పేరు మాత్రం అతుక్కుపోయింది. బావ ఇప్పటికీ "ఆ బుగ్గలు ఎవరికి అరువిచ్చావయ్యా, తిరిగి ఇవ్వలేదు," అని ఏడిపిస్తాడు.

ఆ ఫొటో అంటే బుగ్గలుకి ప్రాణం. నాన్న అతనికి గుర్తు లేడు. ఊహ తెలియకముందే పోయాడు, ఆ తర్వాత ఊరు కూడా మారిపోయారు. అక్కా అన్నా కూర్చుని నాన్న ఇలా నడిచేవాడు, ఇలా దగ్గేవాడు, ఇలా కోప్పడేవాడు అని చెప్పుకుంటుంటే బుగ్గలు దగ్గర ఒక్కటే ఉండేది. ఫొటోలో బిడ్డ కుడిచెయ్యి పక్క కుర్చీలోకి చాచి నాన్న చూపుడువేలు పట్టుకుని ఉంటుంది, పిడికిలి బిగించి. అన్న నాన్న మోకాలికి ఆనుకున్నాడంతే. అక్క చెయ్యి కుర్చీ మీద ఉంది. వేలు పట్టుకున్నది మాత్రం తను. చిన్నప్పుడు అన్నతో పోట్లాట వచ్చినప్పుడల్లా ఇదే చివరి అస్త్రంగా బయటికి తీసేవాడు. అది తీశాక అన్న కిక్కురుమనేవాడు కాదు. తనే గెలిచాననుకునేవాడు బుగ్గలు.

ఆ ఇంట్లో ఇంకో సంగతి ఉంది. చాలామంది తల్లులు కొడుకుల్ని 'నాన్నా' అని పిలుచుకుంటారు. అమ్మ మాత్రం అన్నని 'పెద్దోడా' అనేది, ఇతన్ని 'బుగ్గలూ' అనేది. నాన్న అన్న మాటని ఆ ఫొటోలో కూర్చున్న ఒక్కడికే ఉంచేసింది.

మర్నాడు వసారాలో పని మొదలైంది. కాన్వాసు అతనికి అలవాటు లేదు, దాని మీద నమ్మకమూ లేదు. బోర్డులు రాసిన చెయ్యి. మంచి ప్లైవుడ్డు ముక్క తెచ్చి, ప్రైమరు పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ పూసి మళ్ళీ రుద్ది, అరచెయ్యి పెడితే జారేలా తయారు చేశాడు. ఊరంతా ఫ్లెక్సీమయమయ్యాక అతని చేతికి వస్తున్నవి నంబరు ప్లేట్లూ, గోడల మీద హెచ్చరికలూ మాత్రమే. ఒక బోర్డుని ఇంత ముద్దు చేసి చాలా కాలమైంది. పని చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

ఫొటో మీద పెన్సిలు పెట్టడానికి మనసొప్పలేదు. అందుకని ఫ్రేములోని అద్దాన్నే శుభ్రంగా తుడిచి ఫొటో మీద పరిచి, అద్దం మీద స్కెచ్ పెన్నుతో గళ్ళు గీశాడు. బోర్డు మీద అవే గళ్ళు పెద్దవిగా గీశాడు. తర్వాత రెండింటినీ తలకిందులు చేశాడు. అది గురువు నేర్పిన పద్ధతి. నిటారుగా ఉంటే కన్ను కనపడగానే చెయ్యి ఓ కన్ను గీసేస్తుంది. అది ఎదురుగా ఉన్న కన్ను కాదు, మనసులో ఉన్న కన్ను. తలకిందులుగా పెడితే అక్కడ మనిషి ఉండడు, వెలుగూ నీడా ఉంటాయి. అప్పుడే ఉన్నది ఉన్నట్టు పడుతుంది.

ఎప్పుడైనా పై వరుస నుంచి మొదలుపెట్టేవాడు. ఈసారి మాత్రం నడిమి గడి నుంచి మొదలుపెట్టాడు. అది పిడికిలి ఉన్న గడి. చేతి కింద కర్ర ఆన్చుకుని, సన్న బ్రష్షుతో కొంచెం కొంచెంగా వేసుకుంటూ పోయాడు. నాన్న వేలి గోరు మీద చిన్న వెలుగు పెట్టేసరికి మధ్యాహ్నమైంది. అన్నానికి పిలవడానికి వచ్చిన భార్య వెనక నిలబడి చూసింది.

"ముందు మొహాలు వెయ్యకుండా చెయ్యి వేస్తున్నారేంటి?"

"ఇది నా చెయ్యి. నా చెయ్యి నేను ముందు వేసుకుంటే ఎవరికి నష్టం?"

ఆమె కంచం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

అసలు చిక్కు రంగుల దగ్గర వచ్చింది. నీడ ఎక్కడుందో ఫొటో చెబుతుంది, రంగేమిటో చెప్పదు. అమ్మని అడిగితే గుట్టు రట్టవుతుంది. అమ్మ చీర నేరేడుపండు రంగంది అక్క. కాదు ఇటుక రంగన్నాడు అన్న. ఇదెక్కడి గోలని ఇద్దర్నీ ఒకే ఫోన్లో కలిపాడు.

"అప్పటికి నీకు చొక్కా బొత్తాలు పెట్టుకోవడమే రాదు. చీరల రంగులు గుర్తున్నాయా?" అంది అక్క.

"నీకు మాత్రం ఏం వయసు? నిన్నెప్పుడు అడిగినా అన్నీ నేరేడుపండు రంగే," అన్నాడు అన్న.

నాన్న చొక్కా తెలుపన్న దగ్గర మాత్రం ఇద్దరికీ రాజీ కుదిరింది.

"సరే, మరి నా గౌను?" అన్నాడు బుగ్గలు. ఒళ్ళో బిడ్డకి బుట్ట చేతుల గౌను ఉంటుంది. అక్క పాత గౌన్లు నీకు తొడిగేవాళ్ళమని చిన్నప్పుడే చెప్పారు. ఆ గౌను మీద కూడా బావ చాలా జోకులు వేసి ఉన్నాడు.

ఫోన్లో ఇద్దరూ ఒక్కసారే మాట్లాడ్డం మానేశారు.

"ఏదో ఒకటి వెయ్యి," అన్నాడు చివరికి అన్న.

"తెలుపు వేసెయ్. తెల్లగా ఉంటే బావుంటుంది," అంది అక్క.

"నీ పాత గౌనే కదక్కా, నీకు గుర్తుండాలి మరి."

"తెలుపే అన్నానుగా. పొయ్యి మీద పాలున్నాయి, ఉంటాను," అని పెట్టేసింది.

తెలుపు కాదని ఫొటో చూస్తేనే తెలుస్తోంది. నాన్న చొక్కా పక్కన గౌను బాగా నల్లగా పడింది, మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు. ముదురు రంగేదో అయుండాలి. పాత ఫొటోల్లో ఎరుపు కూడా నల్లగానే పడుతుంది. అక్క మతిమరుపుని తిట్టుకుంటుంటే అతనికి పిన్ని గుర్తొచ్చింది. బట్టల సంగతి బట్టలు కుట్టిన మనిషిని అడగకుండా వీళ్ళనెందుకు అడిగానా అనుకుని, రంగుల కంపెనీ వాళ్ళ షేడ్ కార్డు జేబులో పెట్టుకుని, ఫొటో సంచీలో వేసుకుని బయల్దేరాడు.

పిన్ని అమ్మకి సొంత చెల్లెలు. ఎక్కడో దూరాన కాపురముండి, ఈ మధ్యే కూతురితో పాటు ఈ ఊరొచ్చింది. మోకాళ్ళు పట్టేసి మిషను తొక్కలేదు గాని, కిటికీ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి కాజాలు కుట్టిపెడుతూనే ఉంటుంది. చుట్టాల్లో అతన్ని బుగ్గలు అని పిలవనిది ఆవిడ ఒక్కతే. 'చిన్నోడా' అంటుంది. మొహం చూసి జాలిపడి అననట్టుందని అతననుకునేవాడు.

ఫొటో చేతికిస్తే పిన్ని మొహాల వంక చూడలేదు. బట్టల వంక చూసింది.

"మీ అమ్మ చీర నీలం. అంచు మాత్రం నేరేడు. మీ అక్కకి అంచొక్కటే గుర్తున్నట్టుంది. మీ అన్న లాగు ఇటుక రంగు, వాడికి వాడి లాగు గుర్తుంది."

బుగ్గలు పగలబడి నవ్వాడు. "మరి ఈ గౌను? అక్క పాతది కదా?"

"పాతదెందుకవుతుంది? నేను కుట్టిందే. కొత్త గుడ్డ. దొండపండు రంగు మీద తెల్ల చుక్కలు. మెడకి తెల్ల పైపింగు వేశాను చూడు, ఎంత సన్నగా వచ్చిందో." షేడ్ కార్డు చూపిస్తే ఎరుపులన్నీ దాటుకుంటూ వెళ్ళి ఒకదాని మీద గోరు పెట్టి నొక్కింది. "ఇదీ. పాదు మీద పక్షి పొడిచిన పండు ఉంటుందే, ఆ ఎరుపు. గుడ్డ చాలక చంకలో అతుకేశాను, ఫొటోలో కనపడదులే. ఎంత నప్పిందనుకున్నావు దానికి. తొడగ్గానే చుక్కల్ని గోళ్ళతో పట్టుకుని పీకేది, అవేవో అంటుకున్నాయనుకుని. ఏడుపంటే ఎరగదు. ఎవరెత్తుకున్నా నవ్వేది."

కార్డు మడుస్తున్న అతని చేతులు ఆగాయి. నవ్వేది అంది పిన్ని. నవ్వేవాడు అనలేదు. అంతకుముందు పీకేది అంది. 'దానికి' అంది. గౌనునేమో అనుకున్నాడు.

"ఎవరు పిన్నీ నవ్వేది?"

"ఇంకెవరు, బుగ్గలు."

"నేనా?"

పిన్ని సూదిని గుడ్డలో గుచ్చి ఆపింది. అతను వచ్చాక మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"నీకింకా చెప్పలేదా?" అంది.

అలా అన్నాక ఇక దాచడం ఆవిడ చేతకాలేదు. అక్కా అన్నల తర్వాత ఆడపిల్ల పుట్టింది. ఫొటో తీయించుకున్నాక వచ్చిన వానల్లో జ్వరం తగిలి పోయింది. ఆ గౌనుతోనే పంపించారు. అప్పటికి అమ్మ కడుపులో ఇతను పడ్డాడు. ఇతను పుట్టకముందే, పనిచేసే చోట గోడ కూలి నాన్న పోయాడు.

"మీ నాన్న నిన్ను చూడలేదురా చిన్నోడా," అంది పిన్ని. "చూసుంటే ఎంత..." అని అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

అతను లేచి చెప్పులు వేసుకున్నాడు. వీధి మలుపు దాకా వెళ్ళాక ఫొటో మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. పిన్ని ఫొటో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. అతను అందుకుని సంచీలో వేసుకున్నాడు.

ఇక్కణ్ణుంచి అతన్ని ఆ పేరుతో పిలవడం బాగుండదు. బోర్డులు రాయించుకునేవాళ్ళు పిలిచినట్టు మనమూ ఆర్టిస్టు అనే అందాం.

ఆర్టిస్టు ఇంటికొచ్చేసరికి భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది. బల్ల అంచున కూర్చుని, పిన్ని చెప్పిందంతా మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. చెబుతుంటేనే అతనికి అది వేరేవాళ్ళ ఇంటి కథలా ఉంది. "నేను కాదట అది. నేనసలు లేనట. ఎంత ఘోరం చూడు," అన్నాడు. ఆమె కూడా ఘోరమంటే కొంచెం ఊరట కలుగుతుందని అతని ఆశ.

ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. కాలరు మీద లేని మడతని వేళ్ళతో సరిచేసింది. మొహంలో బాధ ఉంది. ఆశ్చర్యం లేదు.

అది కనిపెట్టడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. మొహాలు చూసి వేసే మనిషి.

"నీకు తెలుసు," అన్నాడు.

"పెళ్ళైన కొత్తలో వదిన చెప్పింది. వాడి దగ్గర ఎత్తకమ్మా అంది."

"నువ్వు ఎత్తలేదు."

"మీకు తెలుసేమో, మాట్లాడ్డం ఇష్టం లేదేమో అనుకున్నాను మొదట్లో. తర్వాత మీరు ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఆ వేలు చూపించి చెబుతుంటే అర్థమైంది, తెలియదని. అప్పుడు నేనెలా చెప్పను? మీరే చెప్పండి, ఏమని మొదలుపెట్టను?"

"నేను చెప్పినప్పుడల్లా పక్కన నిలబడి విన్నావు కదా. లోపల్లోపల నవ్వుకున్నావా?"

"నవ్వలేదు," అంది ఆమె. "ఒట్టు, ఒక్కసారి కూడా నవ్వలేదు."

నవ్వినా బావుండేదనిపించింది అతనికి. నవ్వితే తిట్టవచ్చు. బావకి తెలుసు. అరువు జోకులు తెలిసే వేశాడు. అన్నకి తెలుసు. చివరి అస్త్రం తీసినప్పుడల్లా వాడు ఓడిపోయి నోరు మూసుకోలేదు, జాలిపడి మూసుకున్నాడు. మోసపోయినందుకు కాదు, ఇంతమందిలో తనొక్కడే మోసపోయినందుకు అతనికి ఒళ్ళు మండిపోయింది. బుగ్గలన్నవే లేని తన మొహాన్ని చూసి వీళ్ళంతా ఇన్నేళ్ళూ ఎవర్ని పిలుస్తున్నట్టు?

మర్నాడు పొద్దున్నే అక్క వచ్చింది. పిన్ని ఫోన్ చేసినట్టుంది, కళ్ళు వాచి ఉన్నాయి. వసారాలో తలకిందులుగా నిలబెట్టిన బోర్డు వంక చూసింది. రాత్రంతా నిద్రపట్టక అతను వేస్తూనే కూర్చున్నాడు. అమ్మ నీలం చీర అయింది. నాన్న మొహం అయింది. ఒళ్ళో మాత్రం పిడికిలి ఒక్కటే ఉంది, దాని వెనక బిడ్డ లేదు.

"నేనే చెప్పాన్రా," అంది మెట్టు మీద కూలబడి. "నువ్వప్పటికి ఇంతున్నావు. ఫొటో కింద నిలబడి నేనేడి, నేనేడి అని ఒకటే ఏడుపు. పొద్దుట్నుంచి ముద్ద ముట్టలేదు. ఇదిగో, ఇది నువ్వే, నాన్న వేలు పట్టుకున్నావు చూడు అన్నాను. నేను మాత్రం పెద్దదాన్నా? నోరు మూస్తావని అన్నాను. అమ్మ అక్కడే ఉంది. కొడుతుందేమో అనుకున్నా. కొట్టలేదు. ఫొటో వంక కాసేపు చూసి, 'బుగ్గలూ, రా, అన్నం తిందువుగాని' అంది. నీతో అంది. నిన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదలు."

"నా ఏడుపు ఆ పూటే ఆగిపోయింది కదక్కా. ఆ అబద్ధాన్ని ఇంత దూరం ఎందుకు మోశారు?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదరా."

"వెర్రివాళ్ళు కూడా సంతోషంగానే ఉంటారు. వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళే కళ్ళతో సైగలు చేసుకుంటారు."

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. కాసేపటికి అసలు వచ్చిన పని బయటపెట్టింది. "ఒక్కటి అడుగుతాను, కాదనకు. గౌను తెలుపు వేసెయ్యరా. ఆ రంగు చూస్తే అమ్మ తట్టుకోలేదు. ఇన్నేళ్ళలో దాని ఊసెత్తలేదు మనిషి. ఆపరేషను చేసిన కళ్ళు, ఏడవకూడదన్నారు. నన్ను తిట్టు, కొట్టు, ఇక నా గడప తొక్కకు. తెలుపు మాత్రం వెయ్యి."

"అప్పుడు నా ఏడుపు ఆపడానికి దాన్ని నన్ను చేశారు. ఇప్పుడు అమ్మ ఏడుపు ఆపడానికి మళ్ళీ దాన్ని నేనే నాలా వెయ్యాలా?"

అక్క మెట్టు మీంచి లేచింది. వెళ్ళేటప్పుడు వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

ఆమె అలా వెళ్ళగానే ఆర్టిస్టు పుట్టీ గీకే రేకు చేతిలోకి తీసుకున్నాడు. పిడికిలి ఉన్న గడి మీద అంచు ఆన్చాడు. పెయింటు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, ఒక్క గీకుతో వచ్చేస్తుంది. గోరు మీద పెట్టిన వెలుగు అతనికేసే చూస్తోంది. ఇంత బాగా తన జీవితంలో ఏ చెయ్యీ వెయ్యలేదు. వేసినప్పుడు అది తనదనుకుని వేశాడు, అందుకే వచ్చింది. గీకడానికి చేతులు రాలేదు. దాన్ని గీకేస్తే నాన్న వేలు కూడా పోతుంది.

రేకు పక్కన పడేసి బోర్డుని నిటారుగా తిప్పాడు. తలకిందులుగా వేస్తే అక్కడ ఎవరూ ఉండరు. ఎవరో ఒకరు ఉండాలి ఇప్పుడు. ఫొటోని కూడా నిటారుగా పెట్టి, ఇన్నేళ్ళూ తనని తాను చూసుకున్న చోట ఒక ఆడపిల్లని చూడ్డానికి ప్రయత్నించాడు. చాలాసేపు కుదరలేదు. తర్వాత ఒక్కసారిగా కనపడింది. కనపడ్డాక ఇక తను ఎంత వెతికినా కనపడలేదు.

ఎర్ర ఎనామిల్ డబ్బాకి అతని దగ్గర లోటు లేదు. ప్రవేశం లేదు అనీ, బండ్లు నిలపరాదు అనీ ఊళ్ళో సగం గోడల మీద రాసింది అతనే. ఆ ఎరుపులో చిటికెడు పసుపు, చుక్క గోధుమరంగు కలిపి, షేడ్ కార్డులో పిన్ని గోటి నొక్కు ఉన్న గడి పక్కన పెట్టి చూసుకుంటూ, మళ్ళీ కలిపి, దొండపండు రంగు తెచ్చాడు. చూడనీ, అనుకున్నాడు. కళ్ళొచ్చాయి కదా, చూడనీ. ఎదురుగా నన్ను నిలబెట్టుకుని ఇన్నేళ్ళూ ఎవర్ని పిలిచిందో అందరి ముందూ తనే చెప్పనీ. అంత కోపంలోనూ బుట్ట చేతుల కుచ్చులన్నీ నీడలతో సహా వచ్చాయి. చుక్కలు పెట్టడానికి మాత్రం ఎరుపు ఆరేదాకా ఆగాడు. పచ్చిగా ఉండగా పెడితే తెలుపు గులాబీ రంగుకి తిరుగుతుంది. మెడ చుట్టూ పైపింగు కూడా మర్చిపోలేదు.

అమ్మని తీసుకొచ్చిన రోజు అన్న కూడా వచ్చాడు. బొమ్మ మేకుకి వేలాడుతోంది, మీద దుప్పటి కప్పి ఉంది. దుప్పటి కింద ఏ రంగు ఉందో అక్కకి తెలియదు. అడగడానికి ధైర్యం చాలక, గుమ్మం దగ్గర్నుంచే తమ్ముడి మొహంలో వెతుకుతోంది. అతను చూపు కలపలేదు. భార్య వంటింటి గడపలో నిలబడింది.

"ఏంట్రా ఈ దాపరికం," అంది అమ్మ, గోడ వంక చూసి. నల్లద్దాలు తీసి, మడిచి, కొంగున పెట్టుకుంది. గదంతా కలియజూసి, "గోడలు ఇంత మురిగ్గా ఉన్నాయా? ఇన్నాళ్ళూ తెల్లగా ఉన్నాయనుకున్నాను," అంది. అన్న నవ్వబోయి ఆగాడు.

ఆర్టిస్టు దుప్పటి లాగేశాడు.

ముందుగా అక్క చూసింది. చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ గోడ దగ్గరికి నడిచింది. నాన్న మొహం దగ్గర చాలాసేపు ఆగింది. "ఈ చొక్కా కాలరు చిరిగి ఉండేది. నువ్వు బాగు చేసేశావు," అంది. చీర దగ్గర, "నీలం అని ఎవరు చెప్పారు? పిన్నిని అడిగావు కదూ," అంది. ఆ తర్వాత చూపు ఇంకొంచెం కిందికి దిగింది.

ఆర్టిస్టు ఆవిడ మొహం కనపడేలా ఓ పక్కకి జరిగి నిలబడ్డాడు. ఈ క్షణం కోసమే కదా చుక్క చుక్కా పెట్టింది. తల దించుకుంటుందని, తన వంక తిరగలేకపోతుందని, తప్పు చేశాన్రా అంటుందని ఎదురుచూశాడు. అమ్మ వేలు లేచి గౌను మీదికి వెళ్ళింది. ఒక చుక్క మీద ఆనింది. అక్కణ్ణుంచి ఇంకో చుక్క మీదికి జరిగింది.

"బుగ్గలూ," అంది అమ్మ.

"ఏంటమ్మా," అన్నాడు అతను.

అమ్మ తిరగలేదు. "చుక్కలు పీకకూడదే తల్లీ," అంది బొమ్మతో.

పలికినందుకు ఆర్టిస్టుకి చెవులు వేడెక్కాయి. ఊహ తెలిసినప్పట్నుంచి ఆ పిలుపుకి పలికీ పలికీ నోటికి అలవాటైపోయింది. తను గురిపెట్టి కొట్టిన దెబ్బ ఎవరికీ తగల్లేదు. అమ్మ కళ్ళలో నీళ్ళు ఉన్నాయి గాని అది ఏడుపు కాదు, ఎప్పుడో తప్పిపోయిన పిల్ల దొరికినట్టుంది ఆవిడ మొహం. దాని పేరు దానికి తిరిగి వచ్చింది. ఇచ్చింది అతనే. ఇచ్చేశాక తన దగ్గర ఏమీ మిగల్లేదు. నాన్న లేడు, వేలు లేదు, పిలిస్తే పలకడానికి మాట కూడా లేదు. అక్కణ్ణుంచి వెళ్ళిపోదామనుకున్నాడు.

అప్పుడు అమ్మ వెనక్కి తిరిగింది. అతన్ని పిలవబోయి, నాలుక చివరికి వచ్చిన మాటని మింగేసింది. కొత్త కళ్ళతో అతని మొహాన్ని చూసింది. లోపలికి పోయిన దవడల్ని, నుదుటి మీద ఇంకా వదలని ఎర్రరంగు మరకని, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నాన్నా," అంది. "ఓ కుర్చీ తెచ్చి వెయ్యి. కూర్చుని చూస్తాను."

అన్ననేమో అనుకుని ఆర్టిస్టు అన్న వంక చూశాడు. అన్న అతని వంకే చూస్తున్నాడు. ఆ పిలుపు తనకేనని అర్థం కావడానికి అతనికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక వసారాలోకి వెళ్ళి, రంగు మరకలున్న కుర్చీ ఒకటి ముందుకి లాగి, అమ్మ చీరకి అంటుకోకుండా గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.